తొమ్మిది తలుపులు, ఒక గడప

అది కిటికీలు మునిగిన వరద ఏడాది. మా వీధిలో ఏళ్లను అంకెలతో చెప్పే అలవాటు తక్కువ. మెట్లు తడిసిన వరద, గుమ్మం దాటిన వరద, కిటికీలు మునిగిన వరద అంటాం. నీళ్లు ఎంతవరకు వచ్చాయో ప్రతిసారీ మా వీధి ద్వారబంధం మీద ఉలితో ఒక గీత పెడతాను. ఆ ఏటి గీత నా భుజం ఎత్తున ఉంది.

నేను వడ్రంగిని. తలుపులు, కిటికీలు తప్ప ఇంకో పని చేయలేదు. మంచం కావాలని ఎవరైనా వస్తే వేరే మేస్త్రి పేరు చెప్పి పంపేవాణ్ని. చదివింది మూడేళ్లు. ఆ మూడేళ్లూ మా అక్క నన్ను చేయి పట్టుకుని బడికి తీసుకెళ్లింది. దారిలో ఒక కాలువ, దాని మీద ఒకే ఒక పలక ఉండేది. ఆ పలక మీద ఒంటరిగా నడవాలంటే నాకు భయం. అక్కకు పెళ్లయి నది ఎగువకు వెళ్లిపోయింది. నా చదువు ఆ పలక ఇవతలే ఆగిపోయింది.

అక్కకు పిల్లలు లేరు. బావ పోయి చాలా కాలమైంది. ఆవిడ కోళ్లు పెంచేది. వాళ్ల వీధిలో అందరూ గుడ్లక్క అనేవారు. జ్వరం నుంచి లేచినవాళ్లకు, పురిటి మంచం మీద ఉన్నవాళ్లకు ఆవిడ గుడ్లు వెళ్లేవి. ఎవరింట్లో ఒక ముద్ద తిన్నా, మర్నాడు ఆ ఇంటికి గుడ్డు వెళ్లాల్సిందే. ఊరికే తినడం ఆవిడకు చేతకాదు.

వరదకు ఆవిడ ఇల్లు గోడలతో సహా కూర్చుండిపోయింది. నలభై ఏళ్ల కిందట నేను చేసిచ్చిన వీధి తలుపు మాత్రం ఊడి తేలింది. దాన్ని చెట్టుకు తాడుతో కట్టి, దాని మీద కోళ్ల గంపలు పెట్టి, తాను కొమ్మ మీద కూర్చుని ఒక పగలూ ఒక రాత్రీ గడిపింది. పడవవాళ్లు వచ్చి ఎక్కమంటే ముందు కోళ్లను ఎక్కించింది. తర్వాత తలుపు ఎక్కించమంది.

"తలుపెందుకమ్మా, ముందు నువ్వెక్కు" అన్నాడట పడవవాడు.

"నువ్వు చేశావా ఏంటి? మా తమ్ముడు చేశాడు" అందట.

కొన్నాళ్లు వరద శిబిరంలో ఉండి, అలా తొమ్మిది కోళ్లతో, ఒక తలుపుతో మా ఇంటికి వచ్చింది. పెరట్లో నా పనిగది ఖాళీ చేసి ఆవిడకు ఇచ్చాను. దానికి తలుపు ఉంది, గడప లేదు. పలకలు లాగడానికి అడ్డమని ఎప్పుడూ పెట్టలేదు. తలుపు కింద నుంచి వాన నీళ్లు లోపలికి వచ్చేవి. అక్క గోనెపట్టా అడ్డం పెట్టుకునేది.

కోళ్లకు పెరటి గోడ వారగా వల కట్టి, రేకు కప్పి ఒక గూడు వేశాం. అవి తినేవి, తిరిగేవి, సాయంత్రం అడ్డకర్ర ఎక్కి పడుకునేవి. గుడ్డు మాత్రం పెట్టేవి కావు. నీళ్లు చూసిన రోజు నుంచి ఒక్కటంటే ఒక్కటి లేదు.

మా ఆవిడ ఉతికిన బట్టలు ఆరేస్తూ అనేది, "వదినా, మీ కోళ్లు మా ఇంటికి చుట్టపుచూపుగా వచ్చాయా ఏంటి? పనీపాటా లేదు, మూడు పూటలా భోజనం."

"వాటి పద్ధతి చూసి మాట్లాడు అమ్మాయ్. అవి నీకంటే ముందు లేస్తాయి" అనేది అక్క.

"లేచి ఏం చేస్తాయి? నేను తుడిచిన చోటే చూసి పాడు చేస్తాయి."

అక్క నవ్వేది. కానీ కంచం ముందు కూర్చున్నప్పుడు ఆవిడ చేయి నెమ్మదించేది. రెండోసారి వడ్డించబోతే చాలని కంచం మీద చేయి అడ్డం పెట్టేది. ఒక రోజు భోజనం అయ్యాక, చేయి కడుక్కుంటూ చెప్పింది. వరద సాయం ఆఫీసువాళ్లు పెద్దవాళ్ల కోసం వసతి ఇల్లు తెరిచారట. పేరు రాయించిందట. వచ్చే నెల మొదటి సోమవారం పొద్దున వ్యాను వస్తుందట.

"కోళ్లో?" అంది మా ఆవిడ.

"అక్కడ కోళ్లను రానివ్వరు. మాంసం కొట్టువాడికి చెప్పాను. గుడ్లు పెట్టనివాటిని ఎవరు మేపుతారు?" అని ఆగి, "పెట్టేవైతే వేరే మాట. నా తిండికి నేనేదో ఇస్తున్నాననుకుని ఉండిపోదును" అంది.

మా ఆవిడ నా వైపు చూసింది. నేను ఏదో అనాలని ఆ చూపుకు అర్థం. ఉండక్కా అనాలి. రెండే మాటలు. నేను లేచి చెక్కల దగ్గరకు వెళ్లాను.

నాకు తెలిసినది చేశాను. కోళ్లు తొమ్మిది, కాబట్టి తొమ్మిది అరలు. వరద శిబిరంలో ఒకే హాల్లో రెండువందల మంది పడుకున్నామని అక్క చెప్పింది. మనిషికైనా కోడికైనా ఎవరి గది వాళ్లకుండాలి అనుకున్నాను. కొత్త పలక తెచ్చి ఎక్కడా గరుకు లేకుండా చిత్రిక పట్టాను. చెంప ఆనించి చూసుకున్నాను. ప్రతి అరకూ ఒక బుల్లి తలుపు, దానికి రెండు మడతబందులు, ఒక గడియ. తూర్పు వెలుతురు నేరుగా పడేలా, నా ఛాతీ ఎత్తున నిలబెట్టాను. రెండు పూతలు వార్నిష్ వేశాను. పన్నెండు రోజులు పట్టింది.

అక్క ఒక్కో తలుపూ తెరిచి, మూసి చూసింది. చప్పుడు లేదు. 

"ఒరే, ఇవి కోళ్లురా, పెళ్లికూతుళ్లు కావు" అంది. తర్వాత చేత్తో పలక నిమిరి, "పని మాత్రం చాలా బాగుంది" అంది.

కోళ్లు ఒక్కసారి కూడా లోపలికి తొంగి చూడలేదు. పైన బల్లపరుపుగా ఉంది కదా, ఎగిరి అక్కడ కూర్చునేవి. రెండు రోజుల్లో నా వార్నిష్ తెల్లటి మరకలతో నిండిపోయింది. కుంటిది ఒకటి మాత్రం ఒక అరలో దూరి నిద్రపోయింది. పొద్దున చూస్తే గుడ్డు లేదు, దాని పెంట ఉంది.

మా ఆవిడ చూసి చూసి, "మీరు గడియ లోపలి వైపు పెట్టాల్సిందండీ. పాపం, సిగ్గుపడుతున్నాయేమో" అంది.

సోమవారానికి ఇంకా ఆరు రోజులున్నాయి.

ఆ సాయంత్రం వంటింట్లో గిన్నెలు సర్దుతూ ఆవిడే మళ్లీ అంది, ఈసారి గొంతు తగ్గించి. "వదిన వెళ్లిపోతే నేనెవరితో పోట్లాడాలి? మీతోనా? గోడతో పోట్లాడినా కాస్త ప్రతిధ్వని వస్తుంది. వెళ్లి అడగండి ఆవిణ్ని, కోడికి ఏం కావాలో. నలభై ఏళ్లు పెంచింది. ఒక్కసారైనా అడిగారా?"

అడగలేదు. తలుపు పని చెప్పేవాళ్లు కొలత చెప్పి వెళ్తారు. మిగతాది నేను అడగను, వాళ్లు చెప్పరు. అలా యాభై ఏళ్లు గడిచింది.

పొద్దున్నే వెళ్లి అక్క పక్కన కూర్చున్నాను. ఆవిడ నూకలు చల్లుతోంది. కాసేపటికి అడిగాను.

"వీటికి ఏం కావాలక్కా?"

అక్క చల్లడం ఆపింది. "పన్నెండు రోజులు పట్టిందా నీకు ఈ మాట అడగడానికి?"

"నువ్వు చెప్పొచ్చుగా."

"నువ్వంత ముచ్చటగా చేస్తుంటే ఏం చెప్పను? చిన్నప్పుడు నీ రాతపలక మీద తప్పు దిద్దితే రెండు రోజులు అన్నం మానేశావు."

అప్పుడు చెప్పింది. కోడికి వెలుతురు పనికిరాదు. చీకటిగా ఉండాలి. వార్నిష్ వాసన దానికి పడదు. నున్నటి పలక మీద కాలు జారుతుంది. పైకప్పు వాలుగా ఉండాలి, లేకపోతే ఎక్కి కూర్చుంటుంది. అడ్డకర్ర కంటే కిందగా ఉండాలి, లేకపోతే అందులోనే నిద్రపోతుంది. అడుగు వెడల్పు, అడుగు లోతు చాలు. అంతకు మించితే దానికి భయం.

"తలుపు?" అన్నాను.

"కోడికి తలుపెందుకురా? గడప కావాలి. నాలుగు వేళ్ల ఎత్తు. గడ్డి బయటకు రాకుండా, గుడ్డు దొర్లకుండా. అది గడప దాటి లోపల అడుగు పెట్టాలి. అప్పుడు తన చోటని తెలుస్తుంది." 

అని నల్లదాన్ని చూపించింది. దాని పేరు పంతులమ్మ. తొమ్మిదింటిలో పెద్దది. ఎక్కడికి వెళ్లినా రెండు అడుగులు వేసి, ఆగి, తల పక్కకు తిప్పి అందరినీ ఒకసారి చూసుకునేది. "దాని జుట్టు చూడు, ఎర్రబడింది. గుడ్డు సిద్ధమవుతోంది. చోటు కోసం చూస్తోంది. అది పెడితే మిగతావీ పెడతాయి. పక్కన ఒక గుడ్డుంటే దానికి ధైర్యం. నా దగ్గర చెక్క గుడ్డు ఒకటుండేది, నీళ్లలో పోయింది."

"కొట్లో గుడ్డు తెచ్చి పెడితే?"

"తొక్కితే పగులుతుంది. పగిలితే రుచి చూస్తాయి. ఒకసారి రుచి మరిగాయంటే తమ గుడ్లు తామే పొడుచుకు తింటాయి."

ఇక మిగిలింది చెక్క. కొత్త పలక గరుకుగా ఉండదు, పాత పలక నా దగ్గర లేదు. వరద తీసుకుపోయింది. అక్క లేచి, తన గదిలో గోడకు ఆనించిన తలుపు దగ్గరకు తీసుకెళ్లింది. నీళ్లలో నాని దాని రంగంతా పోయింది. నారలు పైకి లేచాయి. గొళ్లెం ఊడిపోయిన చోట బొటనవేలంత రంధ్రం మిగిలింది.

"కొయ్యి" అంది.

"ఇల్లు కట్టుకుంటే కావాలిగా."

"ఇల్లే లేదు, తలుపు ఎవరి ముఖాన వేసుకోను? కొయ్యరా."

నేను చేసిన తలుపును నేనే కోశాను. పైచెక్క బూడిద రంగు. రంపం దిగాక లోపల తేనె రంగు, నలభై ఏళ్ల కిందట నా చేతిలో ఉన్నప్పటి రంగే. వాసన కూడా అదే. 

పెట్టె ఒకటే చేశాను. ఇంకోదానికి టైము లేదు. చిత్రిక పట్టలేదు. కప్పు వాలుగా వేశాను. గొళ్లెం రంధ్రమున్న పలక పక్కగోడకు వచ్చింది. ముందు నాలుగు వేళ్ల గడప. గూటిలో చీకటి మూల, నేలకు జానెడు ఎత్తున పెట్టాను. 

అది అరపూట పని. గుడ్డుకు మూడు రోజులు పట్టింది.

కొలత కోసం కొట్లో ఒక గుడ్డు కొన్నాను. మా ఆవిడ చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది. "తొమ్మిది కోళ్లున్న ఇంటికి గుడ్డు కొనుక్కొచ్చిన మనిషిని మిమ్మల్నే చూశాను."

పనిబల్ల మీద పెట్టాను. దొర్లింది. బల్ల అంచుకు పోయి పడుతుందని చేయి చాచాను. అది పడలేదు. వంపు తిరిగి నా దగ్గరకే వచ్చింది. మళ్లీ తోశాను. మళ్లీ తిరిగి వచ్చింది. గూటిలో నుంచి జారిపోకుండా దానికి ఆ వంపు ఎవరో ముందే పెట్టినట్టుంది. ఎన్నో గుడ్లు తిన్నాను. ఒక్కదాన్నీ బల్ల మీద వదిలి చూడలేదు. 

మూలమట్టం ఆనించాను. ఎక్కడా ఆనలేదు. గీత పెట్టడానికి అంచు లేదు. కొలత మొదలుపెట్టడానికి మూల లేదు. నా చేతిలోని పనిముట్లన్నీ తిన్నగా ఉన్నవాటికోసం చేసినవే. మొదటిది వంకాయలా వచ్చింది. రెండోది బొంగరం. మూడోదాన్ని అక్క చేతిలోకి తీసుకుని, "ఇది పెట్టిన కోడికి కాన్పు కష్టమైనట్టుందిరా" అంది.

ఆదివారం మధ్యాహ్నం నాలుగోది చెక్కుతూ ఆగిపోయాను. దాన్ని ఒక చేతిలో, కొట్లో గుడ్డును ఇంకో చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాను. యాభై ఏళ్లు జనానికి గుమ్మాలు పెట్టాను. లోపలికి పోవడానికి దారి లేని గది ఎవరూ కట్టమనలేదు. ఇది ఆ గది. కిటికీ లేదు, సందు లేదు, అతుకు లేదు. లోపల ఉన్నది తన తలుపు తానే తీసుకుని రావాలి. దీన్ని ఉలి పట్టని ఒక పెట్ట, కళ్లతో చూడకుండా, తన లోపల చేస్తోంది. 

మా ఆవిడ వచ్చి నుదుటి మీద చేయి వేసి చూసింది, జ్వరమేమోనని.

నాలుగోది అక్కకు నచ్చింది. గడ్డిలో పెట్టాం.

సోమవారం తెల్లవారేసరికి అక్క సంచి సర్దుకుని గుమ్మం పక్కన పెట్టింది. గోనెపట్టా మడతపెట్టి దాని మీద ఉంచింది. నేను గూటి దగ్గర ముక్కాలిపీట వేసుకున్నాను. 

ఎండ గోడ దిగుతుండగా పంతులమ్మ కదిలింది. పెట్టె ముందు ఆగింది. తల పక్కకు తిప్పి అందరినీ చూసింది. వెళ్లిపోయింది. తిరిగి వచ్చింది. గడప మీద ఒక కాలు పెట్టి, తీసేసి, మళ్లీ వెళ్లిపోయింది. ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు. చివరికి గడప ఎక్కింది. లోపలికి దిగింది.

నేను పీట దిగి, మోకాళ్ల మీద పాక్కుంటూ వెళ్లి, గొళ్లెం రంధ్రానికి కన్ను ఆనించాను.

ముందు చీకటే. తర్వాత గడ్డి కనిపించింది. అది గుండ్రంగా తిరుగుతూ రొమ్ముతో గడ్డిని అదుముతోంది. నేను చెక్కిన గుడ్డును ముక్కుతో కడుపు కిందకు లాక్కుంది. గడ్డిపోచలు ఒక్కొక్కటే ఎత్తి వీపు మీద వేసుకుంది. అలా కూర్చుండిపోయింది. దాని కన్ను నా కన్నుకు జానెడు దూరంలో ఉంది. నన్ను చూస్తూనే ఉంది, పట్టించుకోలేదు. 

నా మోకాళ్లు తిమ్మిరెక్కాయి. కదల్లేదు.

తర్వాత అది సగం లేచింది. ఈకలన్నీ విచ్చుకున్నాయి. మెడ దగ్గర మొదలైన వణుకు ఒకటి వీపు మీదుగా తోక దాకా పోయింది. నోరు కొద్దిగా తెరిచింది. చప్పుడు చేయలేదు. అప్పుడు కనిపించింది, గుండ్రటి మొన, ముదురు రంగులో, తడిగా. ఆగింది. ఇంకొంచెం వచ్చింది. గడ్డిలోకి జారింది.

నీళ్లలో నుంచి తీసినట్టు మెరుస్తోంది. నేను చూస్తుండగానే ఆ తడి ఒక చివర నుంచి ఆరుతూ వచ్చింది. నాలుగు ఊపిర్లు తీసే లోపు మెరుపంతా లోపలికి పోయి, పొడి పెంకు మిగిలింది. నా వార్నిష్‌కు ఒక పగలు పడుతుంది, అయినా అలా ఆరదు. పక్కనే నా చెక్క గుడ్డుంది. నిన్న దాన్ని చూసి మురిసిపోయాను. ఇప్పుడు చూస్తే అది ఒక కర్రముక్క. 

కోడి వెనక్కి తిరిగి గుడ్డును చూసింది. ముక్కుతో ఒకసారి తాకింది. అంతే.

నా నోట మాట రాలేదు. నా విషయంలో అది వింతేమీ కాదు. కానీ ఎప్పుడూ చెప్పేది లేక ఊరుకునేవాణ్ని. ఆ రోజు చెప్పేది ఉండి, రాలేదు. చేయి ఊపి అక్కను పిలిచాను. ఆవిడ వచ్చి, నా భుజం పట్టుకుని మోకాళ్ల మీద దిగి, రంధ్రంలోంచి చూసింది. చాలాసేపు చూసింది.

"ఎన్నో వేలు చూసుంటావు" అన్నాను.

"చూశాను. ఎలా వస్తుందో ఇప్పటికీ తెలియదురా" అంది.

పంతులమ్మ అప్పుడు గడప దిగి వీధంతా వినిపించేలా కొక్కరించింది. కుంటిది వెంటనే అదే పెట్టె దగ్గరకు పరుగెత్తింది. దాని వెనక ఇంకొకటి నిలబడి ముందున్నదాని తోక పొడవడం మొదలుపెట్టింది. పక్కనే తొమ్మిది గదులు, తొమ్మిది తలుపులు. వాటి వైపు ఒక్కటీ పోలేదు.

వ్యాను హారన్ వినిపించింది. 

అక్క లోపలికి చేయి పెట్టి గుడ్డు తీసింది. రెండు చేతుల్లో పట్టుకుని వీధి గుమ్మం వైపు నడిచింది. నేను వెనకే వెళ్లాను. గుమ్మంలో మా ఆవిడ, మెట్ల కింద చేతిలో కాగితంతో డ్రైవరు ఉన్నారు. 

"ఇక్కడ ఒక పెద్దావిడ రావాలండీ" అన్నాడు.

అక్క ఆయన్ను చూడలేదు. గుడ్డు మా ఆవిడ చేతిలో పెట్టింది. "ఇదిగో అమ్మాయ్, నా వంతు" అంది. 

మా ఆవిడకు ఆ వెచ్చదనం తగిలింది. అరచేయి చూసుకుంది. అయినా తన ధోరణి వదల్లేదు.

"ఒక్కటేనా వదినా? ఇంట్లో ముగ్గురం."

"రేపటికి రెండొస్తాయి. తొందరపెట్టకు" అంది అక్క.

డ్రైవరు నా వైపు చూశాడు. అందరూ చివరికి నా వైపే చూస్తారు, అక్కడేదో మాట దొరుకుతుందని. ఆ రోజు దొరికింది.

"మా అక్క ఇక్కడే ఉంటుంది" అన్నాను.

ఆయన కాగితం మీద ఒక పేరు కొట్టేసి వెళ్లిపోయాడు. అక్క సంచి తీసుకుని పెరటి గదికి వెళ్లింది. మడతపెట్టిన గోనెపట్టా విప్పి తలుపు కింద మళ్లీ అడ్డం పెట్టడం నేను చూశాను.

మర్నాడు పొద్దున్నే లేచాను. తొమ్మిది బుల్లి తలుపుల బందులు విప్పి ఊడదీశాను. తర్వాత అక్క తలుపులో మిగిలిన అడుగుపలక తీసి, పనిగది గుమ్మానికి సరిపడా కోశాను. రెండు చివర్లా ద్వారబంధంలో కుదిరేలా ఉలితో తొలిచి, గడపగా బిగించాను. అక్క తలుపు తీసింది. కిందకు చూసింది. కాలెత్తి దాటి బయటకు వచ్చింది. తిరిగి దాటి లోపలికి వెళ్లింది.

"కొంచెం ఎత్తయిందిరా" అంది.

చిత్రిక తెచ్చి, కూర్చుని, అర వేలు మందం తగ్గించాను.